స్టాండ్‌బై జనరేటర్‌కి గ్యాస్ లైను: ముందు పైపు లెక్క, తర్వాతే కనెక్షన్

గ్యాస్ పైపులు వేయడం నా వృత్తి. కరెంటు పోయినప్పుడు గ్యాస్‌తో నడిచే జనరేటర్ కొన్నవాళ్లు మొదట అడిగేది, "పక్కనే వంటింటి లైను ఉంది కదా, దానికే ఒక టీ (లైనుని రెండుగా చీల్చే జాయింటు) వేసి ఇచ్చేయండి" అని. లెక్క చూడకుండా మాత్రం ఇవ్వకూడదు. ఫుల్ లోడ్‌లో జనరేటర్ లాగే గ్యాస్ ముందు వంట పొయ్యి ఏ మూలకూ రాదు. పైపు సన్నగా ఉంటే జనరేటర్ స్టార్ట్ అవుతుంది, ఖాళీగా బాగానే తిరుగుతుంది, లోడ్ పడగానే ఆగిపోతుంది. అంతకంటే ప్రమాదం, ప్రెషర్ పడిపోయి ఇంట్లో వెలుగుతున్న పొయ్యి ఆరిపోవడం. ప్రెషర్ మళ్లీ పెరిగితే ఆ బర్నర్‌లోంచి గ్యాస్ గదిలోకి వస్తుంది.

అందుకే జనరేటర్ ప్లేటు మీదున్న ఫుల్ లోడ్ వాడకానికి ఇంట్లోని మిగతా గ్యాస్ సామానుదంతా కలపండి. మీటర్ నుంచి పొడవు, మధ్యలో ఎల్బోలు (పైపు వంపులు) కూడా లెక్కలోకి తీసుకుని పైపు సైజు తేల్చాలి. ప్రొపేన్ (ట్యాంకులో ద్రవంగా ఉండే ఎల్‌పీజీ రకం గ్యాస్) అయితే ట్యాంకు సైజు కూడా చూడాలి. చలిలో చిన్న ట్యాంకులోని ద్రవం కావాల్సినంత వేగంగా ఆవిరి కాదు.

పని లైసెన్సున్న ఫిట్టర్‌తోనే చేయించండి, అనుమతి తీసుకోండి. మీరు మాత్రం దగ్గరుండి చూడండి. జనరేటర్ ఆరుబయటే, పొగ కిటికీల వైపు రాకుండా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కాబట్టి ఇంట్లో దానికో అలారం తప్పనిసరి. జనరేటర్ పక్కనే చేతికందేలా షటాఫ్ వాల్వ్, చెత్త దిగడానికి కిందికి చిన్న పైపు ముక్క, చివర్లో ఫ్లెక్సిబుల్ హోస్ ఉండాలి. హోస్ ఉన్నది అదురు తట్టుకోడానికి, వంపు తిప్పడానికి కాదు.

లైను టెస్ట్ చేసేటప్పుడు జనరేటర్‌ని విడదీయాలి, లేకపోతే ఆ ప్రెషర్‌కి దాని రెగ్యులేటర్ పాడవుతుంది. గాలి లేదా నైట్రోజన్ ఎక్కించి గేజ్ ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చూడాలి. ఆక్సిజన్ ఎప్పుడూ వాడకూడదు. గ్యాస్ వదిలాక ప్రతి జాయింట్‌కీ సబ్బునీళ్లు పూసి తొందరపడకుండా చూడండి. చిన్న లీకు ఒక్కసారిగా బుడగలు రానివ్వదు, సన్నటి తెల్లటి నురగలా మెల్లగా పైకి లేస్తుంది. అగ్గిపుల్ల మాట ఎత్తనే వద్దు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కాబట్టి పల్లంలో, కాలువ మూతల దగ్గర ఇంకా జాగ్రత్త.

అసలు పరీక్ష ఆఖర్న ఉంటుంది. ఇంట్లో పొయ్యిలు, గీజరు అన్నీ వెలిగించి, జనరేటర్ మీద పూర్తి లోడ్ వేసి, దాని ఇన్‌లెట్ దగ్గర మానోమీటర్ (గ్యాస్ ప్రెషర్ కొలిచే మీటర్) పెట్టించండి. ఇంటి జనరేటర్లలో సాధారణంగా సహజవాయువుకి 3.5 నుంచి 7 అంగుళాల వాటర్ కాలమ్ (నీటి ఎత్తుతో చెప్పే ప్రెషర్ కొలత), ప్రొపేన్‌కి 10 నుంచి 12 అడుగుతారు. మీ మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం. రీడింగ్ అంతకంటే పడిపోతే రెగ్యులేటర్ స్క్రూ బిగించి సరిపెడతామంటే ఒప్పుకోకండి. పైపు మార్చమనండి. సరిగ్గా వచ్చిన రీడింగ్‌ని తేదీతో ఒక ట్యాగ్ మీద రాసి వాల్వ్‌కి కట్టండి, తర్వాతి సర్వీసులో పోల్చి చూడటానికి పనికొస్తుంది.