పక్షవాతం తర్వాత చేతికి మళ్లీ పని నేర్పడం

పక్షవాతంలో దెబ్బతినేది మెదడు కనుక, చేయి కోలుకోవడానికి కండబలం ఒక్కటే చాలదు. పోయిన భాగం చేసే పనిని మెదడులో మిగిలిన భాగాలు అందుకోవాలి, అది ముఖ్యంగా ఒకే పనిని పదే పదే చేయడం వల్ల సాధ్యమవుతుంది. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది చేతిలో ఇప్పుడు ఎంత కదలిక ఉందో చూసి ఫిజియోథెరపిస్ట్ నిర్ణయించాలి.

చేయి పూర్తిగా వాలిపోయిన దశలో ముందు కాపాడుకోవలసింది భుజాన్ని. పట్టు సడలిన కండరాలు చేతి ఎముకను కీలులో నిలిపి ఉంచలేవు కాబట్టి, మనిషిని లేపేటప్పుడు ఆ చేయి పట్టి లాగకూడదు, చంకల కింద పట్టి ఎత్తకూడదు. కూర్చున్నప్పుడు మోచేయి నుంచి వేళ్ల దాకా దిండు మీద ఆనించాలి. కప్పీకి తాడు కట్టి చేతిని తలపైకి లాగించే వ్యాయామం ఈ దశలో భుజం నొప్పి తెచ్చిపెడుతుంది. దాన్ని మానేయడమే మంచిది.

కదలిక దాదాపు లేనివారికి అద్దం చికిత్స అనువైనది. బల్ల మీద రెండు చేతుల మధ్య అద్దాన్ని నిలువుగా పెట్టి, బలహీనమైన చేతిని దాని వెనుక ఉంచి, బాగున్న చేతిని నెమ్మదిగా కదుపుతూ ప్రతిబింబాన్నే చూడాలి. వెనుక చేతితోనూ అదే కదలికకు ప్రయత్నించాలి. ఉంగరం, గడియారం ముందే తీసేస్తే రెండు చేతులూ ఒకేలా కనిపిస్తాయి. మణికట్టును పైకెత్తే కండరాలకు విద్యుత్ ప్రేరణ ఇవ్వడం కూడా ఈ దశలో ఉపయోగపడుతుంది, అయితే గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు.

కొంత కదలిక వచ్చాక నిజమైన పనులే వ్యాయామం కావాలి. ఖాళీ ప్లాస్టిక్ గ్లాసును అందుకుని, పక్కకు జరిపి, వదిలేయమనండి. చేయి చాచడానికి బదులు నడుము ముందుకు వంగుతున్నా, భుజం చెవి వైపు లేస్తున్నా, గ్లాసును దగ్గరకు జరిపి, వీపును కుర్చీకి ఆనించి మళ్లీ చేయించాలి. పట్టుకోవడం కన్నా వదలడమే చాలామందికి కష్టం. అందుకే వేళ్లు ముడుచుకుపోయే చేతికి రబ్బరు బంతి నొక్కడం కన్నా వేళ్లు విప్పే సాధన ఎక్కువ అవసరం.

మణికట్టు సుమారు 20 డిగ్రీలు, వేళ్లు 10 డిగ్రీలు వెనక్కి లేస్తుంటే, బాగున్న చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతితోనే పనులు చేయించే నిర్బంధ చికిత్సకు వీలుంటుంది. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన వారిపై జరిపిన, 2006లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధనలో రెండు వారాల ఈ శిక్షణ సాధారణ సంరక్షణ కన్నా మెరుగైన ఫలితమిచ్చింది. శ్రమతో కూడినదే, కానీ చేయగలిగినవారు వదులుకోకూడనిది. చేతికర్ర పట్టుకుని నడిచేటప్పుడు, వేడి వస్తువుల దగ్గర మాత్రం తొడుగు తీసేయాలి.

బిగుసుకుపోయిన చేతికి బొట్యులినమ్ (కండరాలను కొంతకాలం సడలించే మందు) ఇంజెక్షన్ ఇచ్చి బిగువు తగ్గించినా, మందు పనిచేసే ఆ వ్యవధిలో సాధన చేయకపోతే చేతి పనితనం పెద్దగా పెరగదు. చేయి వాచి, ఎర్రబడి, తాకితేనే నొప్పి పుడుతుంటే వ్యాయామం ఆపి వెంటనే వైద్యుడికి చూపించాలి.