కౌలా, కొలువా: నగర కన్వెన్షన్ సెంటరును ప్రైవేటు నిర్వాహకులకు అప్పగించే పద్ధతి

అమెరికా నగరాల్లో స్థిరపడిన తెలుగువారు ఇప్పుడు నగర పాలక మండళ్లలోనూ, పౌర సలహా సంఘాల్లోనూ సభ్యులుగా కూర్చుంటున్నారు. వారి బల్ల మీదకు ఎప్పుడో ఒకప్పుడు ఒక దస్త్రం వస్తుంది. డౌన్‌టౌన్‌లో నగరమే కట్టి నడుపుతున్న కన్వెన్షన్ సెంటరును (పెద్ద సదస్సులు, ప్రదర్శనలు జరిగే భవనాన్ని), దాని పక్కనున్న నాటకశాలలను నడపడానికి ప్రైవేటు సంస్థల నుంచి ప్రతిపాదనలు ఆహ్వానించాలన్నది దాని సారాంశం. ఆ దస్త్రాన్ని ఎలా చదవాలో, పనిని ఏ క్రమంలో నడిపించాలో, ఏ షరతు దగ్గర మొండిగా నిలబడాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. లూసియానా రాష్ట్రం 1977లోనే న్యూ ఆర్లియన్స్‌లోని సూపర్‌డోమ్ నిర్వహణను హయత్ సంస్థల కుటుంబంలోని ఒక కంపెనీకి అప్పగించింది. ఆ తరువాత ఇదొక పెద్ద వ్యాపారంగా ఎదిగింది, ఎదిగిన కొద్దీ ఆ పని చేసే సంస్థల సంఖ్య తగ్గిపోయింది. 2019లో నిర్వహణ సంస్థలైన ఎస్‌ఎంజీ, ఏఈజీ ఫెసిలిటీస్ కలిసి ఏఎస్‌ఎం గ్లోబల్ అయ్యాయి; 2021లో స్పెక్ట్రా ఓక్ వ్యూ గ్రూపులో కలిసింది; 2024లో ఏఎస్‌ఎం గ్లోబల్‌ను లెజెండ్స్ కొనుగోలు చేసింది. కాబట్టి మీ పిలుపుకు పదిమంది పోటీపడతారని ఆశించవద్దు. ఇద్దరో ముగ్గురో వస్తారు. వారిలో ఒక్కరికే సరిపోయేలా అర్హతలు రాయకుండా చూడటం, ప్రతిపాదన తయారు చేసుకోవడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల గడువు ఇవ్వడం మీ మొదటి బాధ్యతలు.

నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది

మన ఊళ్లలో పొలాన్ని కౌలుకిస్తే పంట ఎలా ఉన్నా కౌలు డబ్బు రావలసిందే. పాలుకిస్తే లాభనష్టాలు ఇద్దరూ పంచుకుంటారు. జీతానికి మనిషిని పెట్టుకుంటే అతని జీతం అతనికి ముడుతుంది, పంట పోతే ఆ నష్టం మనది. కన్వెన్షన్ సెంటర్ల విషయంలో అమెరికా నగరాలు చేసుకునే ఒప్పందాలు దాదాపుగా ఈ మూడో రకానివి. "ప్రైవేటుకు ఇచ్చేశాం, ఇక మన ఖజానాకు భారం తప్పింది" అని సభలో ఎవరైనా అంటే, ఒప్పందం ముసాయిదాలో ఆ మాటకు ఆధారం ఏ పేజీలో ఉందో చూపించమని అడగండి. సాధారణంగా అలాంటి పేజీ ఉండదు.

దీనికి కారణం పన్నుల చట్టం. ఈ భవనాలలో చాలావాటిని, వడ్డీపై పన్ను మినహాయింపు ఉన్న బాండ్లతో, అంటే ప్రజా సంస్థలు జారీచేసిన అప్పు పత్రాలతో కట్టారు. అలాంటి భవనం లాభంలో ప్రైవేటు సంస్థకు వాటా ఇస్తే ఆ బాండ్ల మినహాయింపుకే ముప్పు వస్తుంది. అమెరికా పన్నుల శాఖ వెలువరించిన రెవెన్యూ ప్రొసీజర్ 2017-13 ప్రకారం నిర్వాహకుడికి ఇచ్చే ప్రతిఫలం సహేతుకంగా ఉండాలి, నికర లాభంపై ఆధారపడకూడదు, నికర నష్టాన్ని అతని నెత్తిన వేయకూడదు. వార్షిక బడ్జెట్టునూ, పెద్ద ఖర్చులనూ, అద్దె రేట్లనూ ఆమోదించే అధికారం నగరం చేతిలోనే ఉండాలి. ఒప్పందం గడువు 30 ఏళ్లను గానీ, ఆస్తి ఆయుర్దాయంలో 80 శాతాన్ని గానీ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని, మించకూడదు. అంతకుముందు అమల్లో ఉన్న 97-13 నిబంధన మరింత బిగువైనది. ప్రతిఫలంలో సగమైనా స్థిరంగా ఉంటే గడువు ఐదేళ్లు, అదీ మూడో ఏటి చివర నగరం వదులుకునే హక్కుతో మాత్రమే అనుమతించేది. ఐదేళ్ల ఒప్పందాలు ఇంతగా పాతుకుపోవడానికి ఆ పాత నిబంధన కూడా ఒక కారణం.

అందుచేత మీరు చేయవలసిన మొదటి పని సంస్థల గురించి వాకబు చేయడం కాదు. నగర ఆర్థిక శాఖను పిలిచి, ఈ భవనం మీద ఇంకా తీరని బాండ్లు ఏవి, అవి ఏ సంవత్సరానికి తీరుతాయి అని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. బాండ్ల వ్యవహారాలు చూసే న్యాయవాది ముసాయిదాను చివర్లో కాకుండా మొదట్లోనే చదవాలి.

రెండో ప్రశ్న ఇంకా మౌలికమైనది: నగరం ఈ హాలును దేనికోసం నడుపుతోంది? హాలు అద్దెతో హాలు ఖర్చులు గిట్టుబాటు కావడం అరుదు. మూడు రాత్రుల పాటు డౌన్‌టౌన్ హోటళ్లలో వేల గదులు నిండుతాయి, హోటల్ పన్ను రూపంలో ఆ డబ్బు తిరిగి వస్తుంది అన్నదే అసలు వాదన. ఆ అంచనాలు చాలాసార్లు అతిశయోక్తులని టెక్సస్ విశ్వవిద్యాలయం శాన్ ఆంటోనియో ప్రాంగణానికి చెందిన పరిశోధకుడు హేవుడ్ శాండర్స్ ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చారు. ఆయన పక్షం వహించినా వహించకపోయినా, హోటల్ గదులు నింపడం లక్ష్యమా, హాలు లోటు తగ్గించడం లక్ష్యమా అన్నది పాలక మండలి ముందే తేల్చి, ప్రతిపాదనలను ఆహ్వానించే పిలుపు పత్రంలో రాయాలి. రెండూ కావాలని రాస్తే, గదులు నిండనప్పుడు నిర్వాహకుడు లోటు తగ్గిన లెక్క చూపిస్తాడు, లోటు పెరిగినప్పుడు గదుల లెక్క చూపిస్తాడు.

డెట్రాయిట్, శాన్ హోసే, లాస్ ఏంజిలిస్

నిర్వాహకుడు మారగానే హాలు మారిపోతుందని నమ్మేవారికి డెట్రాయిట్ కథ చెప్పాలి. 1960లో తెరిచిన అక్కడి కోబో హాలు నగరం చేతిలో శిథిలమవుతూ వచ్చింది. 2009లో దాని కోసం ఒక ప్రాంతీయ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసి, రాష్ట్ర గవర్నరు, నగర మేయరు, మూడు కౌంటీల తరఫున ఒక్కొక్క సభ్యుణ్ణి నియమించారు. ఆ తరువాత 2010లో ఎస్‌ఎంజీ నిర్వహణ చేపట్టింది. అయితే భవనానికి కొత్త రూపం వచ్చింది 2015 నాటికి పూర్తయిన 27.9 కోట్ల డాలర్ల పునరుద్ధరణ వల్ల. అదే ఏడాది జులైలో అక్కడ తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు జరిగాయి కనుక ఆ మార్పును కళ్లారా చూసిన తెలుగువారు వేలల్లో ఉన్నారు. ఇప్పుడు ఆ భవనం పేరు హంటింగ్టన్ ప్లేస్. పాలన తీరు, పెట్టుబడి, నిర్వాహకుడు అనే మూడింటిలో ఏ ఒక్కదానికో ఘనత కట్టబెట్టడం సరికాదని నా అభిప్రాయం. మీ పిలుపు పత్రానికి మాత్రం భవనం పరిస్థితిపై ఇంజినీర్ల నివేదికను తప్పక జతచేయండి. పైకప్పు కారుతున్న సంగతి దాచిపెడితే, మొదటి ఏడాదిలోనే ఆ బిల్లు నగరం దగ్గరకు తిరిగి వస్తుంది.

ఇక ఎవరు బుక్ చేస్తారు, ఎవరు నడుపుతారు అన్న ప్రశ్నకు కాలిఫోర్నియాలోని రెండు నగరాలు రెండు రకాల జవాబులిచ్చాయి. శాన్ హోసే 2004లో టీమ్ శాన్ హోసే అనే లాభాపేక్ష లేని సంస్థకు కన్వెన్షన్ సెంటరును, డౌన్‌టౌన్ నాటకశాలలను అప్పగించింది. హోటళ్లవారు, కార్మిక సంఘాలు, కళాసంస్థలు, పర్యాటక ప్రచార విభాగం ఒకే గొడుగు కిందకు వచ్చాయి. లాస్ ఏంజిలిస్ 2013 డిసెంబరులో తన కన్వెన్షన్ సెంటరు నిర్వహణను ఏఈజీకి ఇచ్చింది కానీ, పెద్ద సదస్సులను దూరకాలానికి బుక్ చేసే పనిని పర్యాటక మండలి వద్దే ఉంచుకుంది. మొదటి పద్ధతిలో పని తెగేది త్వరగానే, కానీ లెక్క అడిగేవారూ లెక్క చెప్పేవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే ప్రమాదం ఉంది. రెండో పద్ధతిలో ఒకరి పొరపాటు మరొకరి మీదకు నెట్టుకునే వీలుంది. మీరు ఏది ఎంచుకున్నా, ఎన్ని నెలల ముందు వరకు హాలు తేదీలు బయటి నగరాల సదస్సులకు ప్రత్యేకించాలో, ఆ తరువాత స్థానిక ప్రదర్శనలకు, పెళ్లిళ్లకు, స్నాతకోత్సవాలకు ఎప్పుడు తెరవాలో బుకింగ్ విధానంలో అంకెలతో రాయండి. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య గీత గీయడం వాడుకలో ఉంది.

ప్రతిఫలం

నెలనెలా ఇచ్చే స్థిర రుసుము ఒకటి, లక్ష్యాలు చేరితే ఇచ్చే ప్రోత్సాహక రుసుము మరొకటి ఉంటాయి. నికర లాభాన్ని కొలమానంగా పెట్టకూడదని పైన చెప్పాను. ఆదాయం పెంపు మీద గానీ, ఖర్చు తగ్గింపు మీద గానీ పెట్టవచ్చు, రెండింటినీ కలిపి లెక్కించడం కుదరదు. ఖాతాదారుల సంతృప్తిని కొలమానంగా చేరిస్తే, ఆ సర్వే పంపించేది నిర్వాహకుడు కాకుండా నగరమో, మూడో పక్షమో కావాలి. ఇది చిన్న షరతులా కనిపిస్తుంది. తన పరీక్ష పేపరు తానే దిద్దుకునే అవకాశం ఉన్నప్పుడు తొంభై అయిదు మార్కులు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

భోజనం

డబ్బు అసలు తిరిగేది ఇక్కడే. హాలు అద్దె తగ్గించి ఇచ్చి, భోజనం మీద రాబట్టడం ఈ వ్యాపారంలో పాత సంప్రదాయం. ప్రత్యేక హక్కు పొందిన కేటరర్ తప్ప మరెవరూ లోపల వంట గానీ వడ్డన గానీ చేయకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. తెలుగు మహాసభల ఆహార సంఘాల్లో పనిచేసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక నగరంలో జరిగిన మహాసభలకు నేనూ ఆహార సంఘంలో ఉన్నాను. అద్దె చూసి అందరం సంబరపడ్డాం. మన వంటవాళ్లను హాలు వంటగదిలోకి రానివ్వడానికి ప్లేటుకు ఇంత అని రుసుము, దాని మీద 22 శాతం సర్వీసు చార్జీ, ఆ రెండు కలిపిన మొత్తం మీద పన్ను ఉంటాయని తరువాత తెలిసింది. చివరి రోజు పొద్దున సరుకు దించే డాక్ దగ్గర గోంగూర పచ్చడి డబ్బాలను కాపలాదారు ఆపేశాడు. లైసెన్సు లేని వంటగదిలో చేసిన ఆహారమన్న అభ్యంతరం న్యాయమైనదే, దానితో మాకు పేచీ లేదు. అనుమతి ఎవరివ్వాలో చెప్పగలిగిన మనిషి మాత్రం ఆ భవనంలో దొరకలేదు. నిర్వాహకుడు కేటరర్ వైపు చూపించాడు, కేటరర్ నగరం వైపు చూపించాడు, ఆదివారం కావడంతో నగర కార్యాలయం మూసి ఉంది. డబ్బాలు ఎక్కిన బండిలోనే వెనక్కి వెళ్లిపోయాయి.

ఆ ఉదయాన్ని గుర్తుపెట్టుకుని కొన్ని మాటలు చెబుతాను. కేటరింగును నిర్వాహకుడి ఒప్పందంలో కలిపేస్తారా, వేరుగా పిలుస్తారా అన్నది మొదట తేల్చండి. పెద్ద నిర్వహణ సంస్థలకు సొంత కేటరింగ్ విభాగాలు ఉంటాయి కనుక కలిపి ఇవ్వమనే కోరతాయి. కలిపితే బాధ్యత ఒకచోట ఉంటుంది, విడదీస్తే పోటీ పెరుగుతుంది. విడదీయడమే మేలని నేననుకుంటాను కానీ చిన్న నగరానికి రెండు ఒప్పందాలను పర్యవేక్షించే సిబ్బంది ఉండకపోవచ్చు. ఎలా చేసినా, ఆచారాన్ని బట్టి, మతాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి ప్రత్యేక వంట కావలసిన సభలకు బయటి లైసెన్సు ఉన్న వంటవారిని అనుమతించే నిబంధన రాయండి. దానికి వసూలు చేసే రుసుముపై గరిష్ఠ పరిమితి పెట్టండి. ఆ అనుమతిని వారాంతంలో కూడా ఇవ్వగల అధికారి హోదాను ఒప్పందంలోనే పేర్కొనండి.

కేటరర్ గానీ, నిర్వాహకుడు గానీ "వంటగది బాగుచేయడానికి మేమే పెట్టుబడి పెడతాం" అని ముందుకు రావడం మామూలే. అది దానం కాదు. ఆ మొత్తాన్ని ఒప్పందం గడువు అంతటా ఏటా కొంత చొప్పున తరిగేలా లెక్కగడతారు, మధ్యలో తీసేస్తే తరగని బాకీని నగరం కట్టాలి. పదేళ్లలో తరిగే పెట్టుబడిని ఐదేళ్ల ఒప్పందానికి జతచేస్తే, ఐదో ఏట నిర్వాహకుణ్ణి మార్చే స్వేచ్ఛ కాగితం మీదే మిగులుతుంది.

ఎంపిక

పిలుపు పత్రంతో పాటు కనీసం మూడేళ్ల జమాఖర్చులు, కార్యక్రమాల జాబితా, ఇప్పటికే ఉన్న బుకింగులు, సిబ్బంది వివరాలు ఇవ్వండి. ప్రశ్నలన్నీ రాతపూర్వకంగా తీసుకుని, జవాబులను పోటీదారులందరికీ ఒకేసారి పంపండి. గడువు నడుస్తున్నంత కాలం సభ్యులెవరూ పోటీదారులతో విడిగా మాట్లాడకూడదన్న నియమం చాలా నగరాల్లో ఉంది. విందులో పలకరింపు కూడా దాని కిందకే వస్తుంది కనుక ముందే జాగ్రత్తపడండి.

భవనం చూపించే రోజున మీరూ వెంట నడవండి. ఒకచోట నేను చూసిన బృందాల్లో చాలామంది బాల్‌రూమ్ షాండ్లియర్ల కింద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఒకామె మాత్రం సరుకు లిఫ్టు ముందు ఆగి, తలుపు వెడల్పును టేపుతో కొలిచి, హాలును విడదీసే మడత గోడల పట్టాల మీద వేలు పెట్టి రాసి చూసుకుంది. ఆమె జనరల్ మేనేజరు పదవికి ప్రతిపాదించిన వ్యక్తి అని తరువాత తెలిసింది.

మౌఖిక పరీక్షలో ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన వక్తలకు పది నిమిషాలు చాలు. మిగతా సమయమంతా మీ నగరంలో రోజూ కూర్చోబోయే జనరల్ మేనేజరుకే ఇవ్వండి, ఆ వ్యక్తిని మీ అనుమతి లేకుండా కనీసం రెండేళ్ల పాటు మార్చకూడదని ఒప్పందంలో రాయండి. వాళ్లు ఇచ్చిన సిఫారసుల జాబితాను పక్కన పెట్టి, ఇటీవల వారితో ఒప్పందం పొడిగించని నగరాలు ఏవో అడిగి, ఆ నగరాలకు ఫోన్ చేయండి.

ఇప్పుడు హాల్లో పనిచేస్తున్న నగర ఉద్యోగుల సంగతి చివరి వారానికి వదిలేయడం పెద్ద తప్పు. ఎవరు వేరే శాఖలకు వెళతారు, ఎవరికి కొత్త సంస్థలో ఉద్యోగం దొరుకుతుంది, పింఛను ఏమవుతుంది అన్నవి కార్మిక సంఘంతో కూర్చుని, పిలుపు వెలువడకముందే తేల్చుకోవాలి.

అప్పగింత

ఒప్పందంపై ఓటు వేసిన రోజుకూ, తాళాలు చేతులు మారే రోజుకూ మధ్య అరవై నుంచి తొంభై రోజులు ఉంచండి. ఆ వ్యవధిలో ఇరుపక్షాల మనుషులు కలిసి కుర్చీలు, బల్లలు, వేదిక ముక్కలు, మడత గోడల పలకలు లెక్కపెట్టి, విరిగినవాటిని విడిగా రాసి, రెండు ప్రతుల మీద సంతకాలు చేయాలి. బుకింగ్ సాఫ్ట్‌వేరు చందా ఎవరి పేరున ఉన్నా, అందులోని సమాచారం నగరానిదేనని రాసి ఉండాలి. భవిష్యత్తు సభల కోసం వాటిని జరుపుకునేవారు కట్టిన అడ్వాన్సులను నగరం పేరున వేరే ఖాతాలో ఉంచి, అప్పగింతకు ముందురోజు ఆ ఖాతా నిల్వను బుకింగుల జాబితాలోని ప్రతి వరుసతోనూ సరిచూడాలి. రేపు ఈ నిర్వాహకుణ్ణే మార్చే రోజు వచ్చినప్పుడు తేడా ఒక్క డాలరు కనిపించినా, అది ఎక్కడిదో తేలేవరకు వెళ్లిపోయే నిర్వాహకుడి చివరి నెల రుసుమును ఆపి ఉంచే హక్కు నగరానికి ఉండేలా ఒప్పందంలో రాసుకోవాలి.