రౌటర్‌లో టైమింగులు, సర్టిఫికెట్లు పెట్టే ముందు గడియారం చూడండి

అనంతపురం సాయినగర్‌లో మా ఇంటి మేడ మీద స్టడీ హాల్ నడుపుతున్నాను. నలభై సీట్లు. గ్రూప్స్‌కి, డీఎస్సీకి, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు. కింద మేము, పైన వాళ్లు, మెట్ల దగ్గర గోడకు అందరికీ కలిపి ఒకటే రౌటర్. రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా హాలుకు నెట్ ఆగాలి, ఇంటికి ఆగకూడదు. ధర్మవరంలో మా అక్క వాళ్లింటికి పోయినప్పుడు అక్కడి నుంచే హాలు కెమెరా కనబడాలి. మొదటిదానికి యాక్సెస్ షెడ్యూల్ కావాలి, రెండోదానికి వీపీఎన్, అంటే బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి, దానికి డిజిటల్ సర్టిఫికెట్లు. ఈ రెండింటితో నేను కుస్తీ పట్టి నేర్చుకున్నది రాస్తున్నాను.

షెడ్యూల్ పెట్టిన కొత్తలో ఒక వింత జరిగేది. పగలు కరెంటు పోయి వస్తే హాల్లో సరిగ్గా అరగంట నెట్ ఉండేది కాదు. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. పైనుంచి ‘అక్కా, నెట్టు పొయ్యింది’ అని కేక. నేను వైర్లు పీకి పెట్టి, నెట్ కనెక్షన్ ఇచ్చిన అబ్బాయికి ఫోన్ చేసి అరిచేలోపు దానంతట అదే వచ్చేది. ‘మా లైన్ బాగుందక్కా’ అని ఆ అబ్బాయి మొత్తుకునేవాడు. ఆ సమయంలో మా ఇంట్లో నెట్ నిక్షేపంగా వస్తూనే ఉంది. అప్పుడే తట్టాల్సింది, తట్టలేదు.

ఒకరోజు విసుగొచ్చి రౌటర్ పేజీ తెరిచి చూస్తే పైన తేదీ 1970 జనవరి 1, టైము ఉదయం 5:48.

ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటికి గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే టైము కూడా పోతుంది. మళ్లీ వెలిగినప్పుడు కంప్యూటర్ల లెక్కలో సున్నా అయిన 1970 జనవరి 1, 00:00 గంటల నుంచి మొదలుపెడుతుంది. మన దేశం టైముకి దానికి అయిదున్నర గంటలు కలుపుతుంది కాబట్టి మా రౌటర్‌కు ఉదయం 5:30. నా రూల్ ఆరింటి దాకా. అంటే అది తన లెక్క ప్రకారం తన డ్యూటీ తాను చేస్తోంది! అంతటితో ఆగలేదు. ఉదయం 10:30కి కరెంటు వచ్చిందనుకోండి, దానికి రాత్రి 11 అయ్యేసరికి మనకు తెల్లవారుజాము 4. అప్పటిదాకా పిల్లలకు నెట్టే నెట్టు. ఆపైన మర్నాడు పగలు 11 వరకు నెట్ బంద్.

ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చుకునే ఏర్పాటు రౌటర్‌లో ఉంటుంది, దాని పేరు ఎన్‌టీపీ. మాదాంట్లో ఆ గడి ఖాళీగా ఉంది. అందుకే మొదటి పని ఇదే. వైఫైకి కనెక్ట్ అయి బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 కొట్టండి, ఏదన్నది రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. సిస్టమ్ టూల్స్‌లో టైమ్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. టైమ్ జోన్ జీఎంటీ ప్లస్ 5:30. ఇది వదిలేస్తే రాత్రి 11కి ఆగాల్సిన నెట్ తెల్లవారి 4:30కి ఆగుతుంది. డేలైట్ సేవింగ్ మనకు లేదు, టిక్ ఉంటే తీసేయండి. ఎన్‌టీపీ సర్వర్లకు రెండు గళ్లుంటాయి, రెండూ నింపండి. మన దేశ ప్రామాణిక సమయం చూసే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్ ఒకటి: టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ. రెండోది ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఓఆర్‌జీ. ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. సేవ్ చేశాక రౌటర్‌ను ఆపి, మళ్లీ వేసి, అయిదు నిమిషాలాగి తేదీ చూడండి. సరిగా ఉంటేనే ముందుకు పోండి. నేను తర్వాత ఒక చిన్న రౌటర్ యూపీఎస్ కూడా కొన్నాను. అడాప్టర్ మీద ఉన్న వోల్టు, ఆంపియర్ చూసి కొనాలి, ఫైబర్ బాక్సుకు కూడా దాంట్లోంచే ఇవ్వాలి.

ఇక షెడ్యూల్. నలభై మంది ఫోన్లను రౌటర్‌లో ఒక్కొక్కటీ ఎక్కించడం జరిగే పని కాదు, నెలనెలా మనుషులు మారతారు. కాబట్టి ఎదురు లెక్క వేశాను. మా ఇంటివి ఎనిమిదే: ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్, కెమెరా. రౌటర్ ప్రతి పరికరానికీ ఒక ఐపీ నంబరు ఇస్తుంది, ఆ పని చూసే పేజీ డీహెచ్‌సీపీ. దాంట్లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ ఈ ఎనిమిదింటికీ 192.168.0.101 నుంచి 108 దాకా పక్కా నంబర్లు ఇచ్చేశాను. అందరికీ పంచే నంబర్లను 120 నుంచి 199కి మార్చాను. రూల్ ఆ మిగతావాళ్ల మీద.

రిజర్వేషన్ చేసేటప్పుడు ఒక చిక్కుంది. నంబరు ఇచ్చేది ఫోన్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే తయారీలోనే దానికి పెట్టిన గుర్తింపుకి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ చెప్పవు, ఉత్తుత్తిది ఒకటి తయారుచేసి ఇస్తాయి. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, A, E వీటిలో ఒకటైతే అది ఉత్తుత్తిదని అర్థం. ఇంటి ఫోన్లలో వైఫై సెట్టింగ్స్‌లో మన నెట్‌వర్క్ పేరు నొక్కి, ప్రైవసీ దగ్గర ‘డివైస్ మ్యాక్’ పెట్టండి. ఐఫోన్ అయితే ప్రైవేట్ వైఫై అడ్రస్ ఆఫ్ చేయాలి.

మా రౌటర్‌లో యాక్సెస్ కంట్రోల్ కింద మూడు పేజీలున్నాయి. హోస్ట్ అంటే ఎవరికి, టార్గెట్ అంటే ఎక్కడికి పోకుండా, షెడ్యూల్ అంటే ఎప్పుడు. మూడూ రాసుకుని రూల్ అనే నాలుగో పేజీలో కలపాలి. నేను హోస్ట్‌లో నంబర్ల వరుస ఇచ్చాను, టార్గెట్ అన్నీ. షెడ్యూల్లో 23:00 నుంచి 06:00 అని ఒకే ముక్కగా పెడితే మొదలుకన్నా చివర ముందుందని ఒప్పుకోలేదు. రెండు ముక్కలు చేయాలి: 23:00 నుంచి 24:00, 00:00 నుంచి 06:00. వారాలు చూసుకోండి. శనివారం రాత్రి పిల్లలకు ఒక గంట ఎక్కువ ఇస్తాను. దానికి మొదటి ముక్కలో శనివారం టిక్ తీస్తే చాలు. 12 దాటాక రౌటర్‌కు అది ఆదివారం, రెండో ముక్క మామూలుగా పనిచేస్తుంది.

అన్నిటికన్నా డేంజరు పై వరుసలో ఉన్న డిఫాల్ట్ పాలసీ. ‘రూల్లో ఉన్నవాటిని ఆపు’ అని ఒకటి, ‘రూల్లో ఉన్నవాటినే పోనివ్వు’ అని ఇంకొకటి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. నేను రెండోది టిక్ పెట్టాను. మర్నాడు ఆదివారం, పైన ఆన్‌లైన్ మాక్ టెస్టు. తొమ్మిదింటికి నలభై మందికీ నెట్ లేదు, మా ఇంటికీ లేదు. చివరికి ఒకమ్మాయి ఫోన్ హాట్‌స్పాట్ మీద పన్నెండు మంది రాశారు. ఆ రోజు అందరికీ ఉగ్గాని, బజ్జీ నేనే తెప్పించాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. జేఎన్‌టీయూలో చదివే ఒక కుర్రాడు ఫోన్‌లో చేత్తో 110 అని నంబరు పెట్టుకుని రాత్రంతా సినిమాలు చూశాడు. వాడి తెలివికి మెచ్చుకుని, రూల్లో ఇంటి ఎనిమిదీ తప్ప 2 నుంచి 254 దాకా అన్నీ చేర్చి, ఆ ఎనిమిదింటినీ ఐపీ మ్యాక్ బైండింగ్‌తో, అంటే ఆ నంబరు ఆ పరికరానికే అనే ముడితో, కట్టేశాను. ఐపీవీ6 అనే ఇంకో రకం నంబర్లు ఆన్‌లో ఉంటే ఈ రూల్ వాటిని పట్టుకోదు, అదీ ఆఫ్ చేశాను. 11కి ముందే మొదలైన వీడియో కొన్ని రౌటర్లలో ఆగకుండా సాగుతుంది, దానికి నేను పెద్దగా బాధపడను.

సర్టిఫికెట్ల దగ్గరికి వస్తే, మా ఇంట్లో డీఎస్సీ అంటే రెండర్థాలు. పైన పిల్లలకు టీచరు ఉద్యోగం. కాంట్రాక్టు పనులు చేసే మా ఆయనకు టెండర్లు వేసేటప్పుడు గుచ్చే యూఎస్‌బీ, డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. అది 2000 నాటి ఐటీ చట్టం కింద లైసెన్సున్న సంస్థ దగ్గర డబ్బు కట్టి తీసుకునేది. రౌటర్ వీపీఎన్‌కు అది అక్కర్లేదు, మనమే తయారు చేసుకోవచ్చు.

జిరాక్స్ కాపీ మీద గెజిటెడ్ సంతకం గుర్తుందా? సీఏ (సర్టిఫికెట్ అథారిటీ) సర్టిఫికెట్ ఆ గెజిటెడ్ ఆఫీసరు. రౌటర్ సర్టిఫికెట్, ఫోన్ సర్టిఫికెట్ ఆయన సంతకం పెట్టిన కాపీలు. రెండూ ఒకదాన్నొకటి చూసుకుని, సంతకం ఒకటే అయితే లోపలికి రానిస్తాయి. ప్రైవేట్ కీ అంటే ఆయన పచ్చ ఇంకు పెన్నూ, ముద్రా. అది ఎవరి చేతికీ పోకూడదు.

వీపీఎన్ సర్వర్ పేజీలో సర్టిఫికెట్ జనరేట్ అనే బటన్ ఉంటుంది. నొక్కే ముందు మళ్లీ పైన తేదీ చూడండి. చెల్లుబాటు ఆ క్షణం నుంచి మొదలవుతుంది. నా మొదటి సర్టిఫికెట్ 1970లో పుట్టి, పదేళ్లు చెల్లి, 1980లో ముగిసింది. నేను పుట్టిందే 83లో. గడువు తీరిందని ఫోన్ దాన్ని తోసేసింది. కొత్తది చేశాను, బాగానే నడిచింది. తర్వాత ఒకసారి కరెంటు పోయొచ్చాక రౌటర్ నా ఫోన్ సర్టిఫికెట్ చూసి ‘ఇది ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అంది. నిజమే, 1970లో కూర్చున్నదానికి అది రాబోయే కాలం కాగితం.

తయారైన ఫైలును ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లో ఓపెన్‌వీపీఎన్ యాప్‌లో ఇంపోర్ట్ చేయాలి. ఆ ఫైల్లో ఫోన్ సొంత ప్రైవేట్ కీ కూడా ఉంటుంది కాబట్టి వాట్సాప్‌లో పంపకండి, కేబుల్‌తో ఎక్కించండి. వీలుంటే ఫోన్‌కు ఒకటి చొప్పున చేయండి. ఫోన్ పోతే దానిదొక్కటే రద్దు చేస్తే సరిపోతుంది. ఆ సౌకర్యం లేకపోతే అన్నీ కొత్తగా చేసుకోవాలి. బయటి నుంచి అసలే కనెక్ట్ కాకపోతే రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే నెట్ వాళ్లు రౌటర్‌కు ఇచ్చిన నంబరు, చూడండి. అది 10తోనో, 100.64 నుంచి 100.127 లోపో మొదలైతే సర్టిఫికెట్‌ది తప్పు కాదు, బయటి నుంచి నేరుగా చేరగలిగే పబ్లిక్ ఐపీ కావాలని నెట్ వాళ్లనే అడగాలి.

రౌటర్ పేజీ తెరిచినప్పుడు బ్రౌజర్ ఎర్రగా హెచ్చరించేది కూడా ఇలాంటి సొంత సంతకం వల్లే. ఇంట్లో మన వైఫై మీదుంటే కంగారు లేదు. సర్టిఫికెట్ వివరాల్లోని ఫింగర్‌ప్రింట్, అంటే దాన్ని గుర్తుపట్టే అక్షరాల వరుస, ఒకసారి రాసిపెట్టుకోండి, ఎప్పుడైనా అది మారితే ఆగి చూడండి. బయటి నుంచి రౌటర్ పేజీ తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ మాత్రం ఆఫ్‌లోనే ఉండాలి.

అన్నీ అయ్యాక బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసి బీరువాలో పెట్టాను, దాంట్లోనూ కీలూ పాస్‌వర్డులూ ఉంటాయి మరి. ఆ రాత్రి 10:50కి మెట్ల మీద కూర్చుని యూపీఎస్‌తో సహా స్విచ్ ఆపి వేశాను. 10:55కి తేదీ చూశాను, ఆ రోజుదే. ఫోన్‌లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద వీపీఎన్ కలిపితే కెమెరాలో పై వరుస బెంచీలు కనబడ్డాయి. 11 దాటి నిమిషం కాలేదు, పైనుంచి కేక: ‘అక్కా, నెట్టు పొయ్యింది!’