పాత గ్రూవ్‌బాక్స్ కొన్నారా? ప్లగ్గు పెట్టే ముందు ఇది చదవండి

చెడిపోయిన గ్రూవ్‌బాక్స్ పట్టుకుని నా దగ్గరికొచ్చేవాళ్లలో, దాన్ని ఇంటికి తెచ్చిన మొదటి గంటలోనే కాల్చుకున్నవాళ్లు ఎక్కువ. పాతికేళ్లు ఎక్కడో చక్కగా బతికిన యంత్రం ఇక్కడికొచ్చి ప్లగ్గు దగ్గర పోతుంది. అందుకే ముందు కరెంటు గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను. బీట్లు తర్వాత.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. డ్రమ్స్, బేస్, సింథ్, వీటన్నిటినీ వరసపెట్టి వాయించే సీక్వెన్సర్ ఒకే పెట్టెలో ఉంటే అది గ్రూవ్‌బాక్స్. 1996లో రోలాండ్ తన ఎంసీ-303కి పెట్టిన పేరు అది. 1998లో ఎంసీ-505, 1999లో కోర్గ్ ఎలక్ట్రైబ్‌లు వచ్చాయి. సెకండ్‌హ్యాండ్‌లో దొరికేవాటిలో ఇవి, వీటి తర్వాత కోర్గే తెచ్చిన చిన్న పెట్టెలు వోల్కాలు చాలా ఉంటాయి.

కావలసిన సామాను: మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, కాంటాక్ట్ క్లీనర్, హెడ్‌ఫోన్స్, పెట్టెను కంప్యూటర్‌కు కలిపే ఒక మిడీ ఇంటర్‌ఫేస్. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చవక మల్టీమీటర్ చాలు. అది లేకుండా మాత్రం సెకండ్‌హ్యాండ్ జోలికే పోవద్దు.

ఇక అసలు సంగతి. జపాన్ నుంచి వచ్చిన పెట్టెతో పాటు దాని అడాప్టర్ కూడా వస్తే జనం సంబరపడతారు. నేను భయపడతాను. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. ఆ అడాప్టర్ మీద ‘ఇన్‌పుట్ 100–240 వోల్ట్స్’ అని ఉంటే సరే. ఉత్త 100 అని ఉండి, చేతిలో పట్టుకుంటే ఇటుకలా బరువుగా ఉంటే, దాన్ని మన గోడకు పెట్టకండి. చప్పటి పిన్నులు మన సాకెట్‌లో దూరడం లేదని ఎనభై రూపాయల కన్వర్టర్ ప్లగ్గు తగిలిస్తారు చూడండి, అక్కడే కొంప మునుగుతుంది. ఆ ప్లగ్గు పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజీని కాదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండింతలకు పైగా వోల్టేజీ తగులుతుంది. ముందు వేడెక్కి వాసనొస్తుంది, ఆ తర్వాత మీ అదృష్టం. అమెరికా అడాప్టర్లు 120 వోల్టులవి, వాటిదీ ఇదే కథ. నేనైతే పాత అడాప్టర్‌ను డబ్బాలోనే ఉంచేసి ఇక్కడ కొత్త రెగ్యులేటెడ్ అడాప్టర్, అంటే వోల్టేజీని నిలకడగా ఇచ్చేది, కొంటాను.

కొత్తది కొనేటప్పుడు ఇంకో గుంట ఉంది. ఎంసీ-303కి కావలసింది 9 వోల్టుల డీసీ, పిన్ను నడుమ మైనస్. గిటార్ పెడల్స్ వాడేవాళ్లకు ఇది అలవాటే. వోల్కాకూ 9 వోల్టులే, కానీ నడుమ ప్లస్, పైగా పిన్ను సన్నం. అలెసిస్ ఎస్ఆర్-16 డ్రమ్ మెషిన్‌కైతే 9 వోల్టుల ఏసీ. మూడింటి మీదా తొమ్మిదే ఉంది కదా అని ఒకదాని వైరు ఇంకొకదానికి పెట్టినవాళ్లను నేను చూశాను. వోల్టులు సరిపోతే చాలదు. జాక్ పక్కన నడుమ ప్లస్సో మైనస్సో చెప్పే చిన్న గుండ్రాల బొమ్మ ఉంటుంది, దాన్ని ఫోన్ టార్చ్ వేసి చదవండి. ఆంపియర్లు మాత్రం పెట్టె అడిగినంతకంటే ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువుంటే కుదరదు.

ముద్రించిన బొమ్మను కూడా నేను నమ్మను, ముఖ్యంగా పిన్నులు మార్చుకునే యూనివర్సల్ అడాప్టర్ల మీదది. పెట్టెకు తగిలించకముందే మల్టీమీటర్‌ను డీసీ 20 మీద పెట్టి, ఎర్ర తీగ పిన్ను లోపల, నల్ల తీగ బయట ఆనించండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే నడుమ మైనస్ ఉన్నట్టు. రాకపోతే నడుమ ప్లస్. రెగ్యులేటెడ్ అడాప్టర్ అయితే 9 దగ్గరే చూపాలి. 12, 13 చూపిస్తే అది పాత రకం అన్‌రెగ్యులేటెడ్, పెట్టెకు తగిలిస్తే తగ్గుతుందిలే అని దుకాణంవాళ్లు అంటారు. తగ్గుతుంది, నిజమే. నా పెట్టెకు మాత్రం పెట్టను. తీగలు రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకుని ఇదంతా రెండుసార్లు చేయండి. పట్టేది అర నిమిషం. వోల్కా లాంటి బ్యాటరీ పెట్టెలైతే ముందు ఆరు పెన్సిల్ సెల్స్ వేసి చూడండి, అసలు గొడవే ఉండదు.

కరెంటు గండం గడిచాక హెడ్‌ఫోన్స్ పెట్టి ఆన్ చేయండి. స్పీకర్లు అప్పుడే వద్దు. లైట్లు వెలిగి, ప్లే నొక్కితే కదలకపోతే కంగారు పడొద్దు. సింక్ సెట్టింగ్ చూడండి. పాత యజమాని దాన్ని వేరే యంత్రం వెనక నడిచేలా పెట్టి ఉంటాడు, అది బయటి క్లాక్, అంటే ఆ యంత్రం పంపే వేగం సంకేతం, కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇంటర్నల్‌కు మార్చగానే మోగుతుంది. ‘డెడ్, ఫర్ పార్ట్స్’ అని సగం ధరకు అమ్మిన పెట్టెను నేను ఇలాగే బతికించాను. అమ్మినాయనకు ఇంతవరకు చెప్పలేదు.

నాబ్ తిప్పితే గరగరమంటుందా? ఆఫ్ చేసి ఆ చివర నుంచి ఈ చివరకు ముప్పైసార్లు తిప్పండి, చాలావాటికి అదే మందు. లొంగకపోతే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క. ఇంట్లో తలుపు బందులకు కొట్టే నీలం-పసుపు డబ్బా డబ్ల్యూడీ-40 మాత్రం వద్దు, దాని జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది. ఆ కంపెనీయే విడిగా కాంటాక్ట్ క్లీనర్ కూడా అమ్ముతుంది, డబ్బా చదివి కొనండి.

ఆఫ్ చేసి ఆన్ చేయగానే మీ ప్యాటర్న్‌లు (మీరు కట్టి దాచుకున్న దరువులు) మాయమైతే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయినట్టు. ఆ కాలపు పెట్టెల్లో సాధారణంగా 3 వోల్టుల సీఆర్2032 ఉంటుంది. అది తీస్తే జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, ఏవైనా మిగిలి ఉంటే ముందు మిడీ బల్క్ డంప్‌తో కంప్యూటర్‌లోకి దించుకోండి. విండోస్‌లో మిడీ-ఆక్స్, మ్యాక్‌లో సిసెక్స్ లైబ్రేరియన్ ఆ పని చేస్తాయి. ఫ్యాక్టరీ రీసెట్‌కు ముందూ ఇదే మాట. బ్యాటరీ టంకంతో అతికి ఉంటే కొత్తదాన్ని మళ్లీ అలాగే అతికించకుండా చిన్న హోల్డర్ పెట్టించండి. సెల్ మీద నేరుగా టంకం పెట్టడం ప్రమాదం.

ఇక వాయించడం. లాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయి కదా, ఈ పాత డబ్బా ఎందుకని అడుగుతారు. లాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయి, అందుకే రాత్రంతా ఒక్క స్నేర్ డ్రమ్ము శబ్దం వెతుక్కుంటూ గడిపేస్తారు. 1982లో బొంబాయిలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ చేతిలో ఉన్నవి రోలాండ్ టీబీ-303 బేస్ యంత్రం, టీఆర్-808 డ్రమ్ మెషిన్, జూపిటర్-8 సింథ్. ఆ మూడింటితో రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు, షికాగో కుర్రాళ్లు టీబీ-303ని పట్టుకుని పేరు తెచ్చుకోకముందే. టీబీ-303లో స్లైడ్ అనే సదుపాయం ఉంది, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. గమకం విన్న చెవికి దానితో ఏం చేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ టీబీ-303, టీఆర్-808 శబ్దాలు మీ ఎంసీ-303లోనూ ఉన్నాయి.

మొదటి వారం ఒక్క ప్యాటర్నే పెట్టుకోండి. కంపెనీ ముందే నింపి ఇచ్చిన ప్రీసెట్లు వినడం నిషేధం. ప్యాటర్న్‌లోని అడుగులు (ఒక్కో దెబ్బకు ఒక్కో గడి) తగ్గించే వీలున్న పెట్టెలో, వోల్కాలో అయితే యాక్టివ్ స్టెప్‌తో, 16ను 14 చేయండి. ఒకటో అడుగున కిక్ (పెద్ద డ్రమ్ము), ఏడున, పదకొండున స్నేర్. తకిట తకధిమి, మిశ్రచాపు వచ్చేసింది. దాని మీద హై-హ్యాట్ (తాళాల శబ్దం) వేయాలని చేతులు దురద పెడతాయి. రెండు రోజులు ఆగి వేయండి.