ఛానల్‌లో మిగిలిన డబ్బుతో కొత్త ఆర్టిస్టులకు అండగా ఉండాలంటే

నాది జానపద కథలు చెప్పే చిన్న యూట్యూబ్ ఛానల్. వీడియోలో నేను కనపడను, గొంతు ఒక్కటే వినిపిస్తుంది, కాబట్టి బొమ్మలు కావాలి. మొదట్లో నెట్‌లో దొరికినవి లాగేసి వాడేవాణ్ని, తప్పే, ఒప్పుకుంటున్నా. ఖర్చులన్నీ పోను నాలుగు డబ్బులు మిగలడం మొదలయ్యాక, ఇప్పుడిప్పుడే పని మొదలుపెట్టిన ఆర్టిస్టుల చేత గీయిస్తున్నా. మీరూ అదే ఆలోచనలో ఉంటే, నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని చెప్తా.

ముందు ఆ మిగులు నిజంగా మిగులేనా చూసుకోండి. యాడ్‌సెన్స్ (యూట్యూబ్ యాడ్స్ ఆదాయాన్ని మనకి పంపే గూగుల్ సర్వీసు) డబ్బు నెలలో 21 నుంచి 26 మధ్య వస్తుంది, వచ్చిన రోజు అందరం జమీందార్లమే. దసరా నుంచి డిసెంబర్ దాకా యాడ్స్ బాగుంటాయి, జనవరిలో ఢమాల్‌మని పడిపోతాయి. మధ్యలో అడ్వాన్స్ ట్యాక్స్ (ఆ ఏడాది ఆదాయం పన్నుని ముందే వాయిదాల్లో కట్టడం) కట్టాల్సినవాళ్లకి జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 గడువులు ఉండనే ఉన్నాయి. ట్యాక్స్ డబ్బు, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక ఏముంటే అదే మిగులు. దాన్ని వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఎవరికైనా నెలకు 6 వేలు చొప్పున ఆరు నెలలు ఇస్తానని చెప్పబోతున్నారా, ఆ 36 వేలూ ఆ ఖాతాలో పడ్డాకే నోరు విప్పండి. వచ్చే నెల వ్యూస్‌ని నమ్ముకుని మాటిస్తే, మన వ్యూస్ పడిపోయినప్పుడు అవతలివాళ్ల అద్దె ఆగుతుంది.

పోటీలు మాత్రం పెట్టకండి. నేను పెట్టా. 'మా కథకి బొమ్మ గీయండి, బాగున్నదానికి 5 వేలు' అన్నా. అరవై దాకా వచ్చాయి, ఒకరికి డబ్బిచ్చా, మిగతావాళ్లందరి చేతా రాత్రిళ్లు మేల్కొని ఊరికే పని చేయించుకున్నట్టయింది. అది సాయం ఎలా అవుతుంది? 'పేరొస్తుంది కదా తమ్ముడూ' అనే మాట కూడా అంతే, కిరాణా కొట్లో చెల్లదు.

ఎవరిని ఎంచుకోవాలి? ఫాలోవర్లు ఎంతమంది అని కాదు, ఒక ఏడాదిగా పని ఆపకుండా పెడుతున్నారా లేదా అని చూడండి. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో పిల్లల పనులు ప్రదర్శనకు పెట్టినప్పుడు వెళ్లండి. చేర్యాల నకాషీ (గుడ్డ మీద గీసే కథల బొమ్మలు), శ్రీకాళహస్తి కలంకారీ (కలంతో గుడ్డ మీద గీసే బొమ్మలు), నిమ్మలకుంట తోలుబొమ్మల లాంటి పనులు చేసే కుటుంబాల్లో పెద్దవాళ్లకి అవార్డులూ పేరూ ఉంటాయి, చేయి తిరుగుతున్న కుర్రాళ్లకి మాత్రం సొంతంగా ఆర్డర్లు దొరకడమే కష్టం. వాళ్లతో పని చేయించాలంటే ఆ పని ఎలా జరుగుతుందో కాస్త తెలుసుకుని వెళ్లండి. చేర్యాల బొమ్మకి ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, తుమ్మబంక కలిపి పూతలు పూయాలి, ఆరాలి, ఆ తర్వాతే గీత. కలంకారీ గుడ్డని కరక్కాయ, పాలలో నానబెట్టి ఎండబెడతారు, వానాకాలం అయితే ఎండ కోసం కూర్చోవాలి. 'శుక్రవారానికి థంబ్‌నెయిల్ కావాలి' అంటే వాళ్లు నవ్వుతారు, లేదా పాపం ఒప్పుకుని ఇబ్బంది పడతారు.

డబ్బు మూడు ముక్కలు చేయండి: సగం అడ్వాన్స్, రఫ్ ఓకే అయ్యాక పావు, ఫైనల్ చేతికొచ్చిన రోజే మిగతా పావు. వీడియో పబ్లిష్ అయ్యాక ఇస్తాననకండి. నేను అలా ఒక కుర్రాడికి రెండు నెలలు ఆలస్యం చేశా. అతను ఒక్కసారి కూడా అడగలేదు, 'అన్నా, నెక్స్ట్ కథ ఎప్పుడు' అనేవాడు, అంతే. అది డబ్బు అడగడమేనని నాకు వెలగడానికి చాలా టైం పట్టింది. కరెక్షన్లు రెండు సార్లకి మించితే విడిగా ఇవ్వండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే విషయం, కాగితం. మన కాపీరైట్ చట్టం, 1957లో 17వ సెక్షన్ ఉంది. డబ్బిచ్చి పెయింటింగో పోర్ట్రెయిటో ఫొటోనో చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్‌కి మొదటి యజమాని చేయించుకున్నవాళ్లే. అంటే మీరేమీ రాసుకోకపోతే, సాయం చేద్దామని వెళ్లి ఆ ఆర్టిస్టు బొమ్మ మీద హక్కంతా మీరు పట్టుకొచ్చినట్టే, అదీ మీకు తెలియకుండానే. అందుకని ఒక పేజీ చాలు, తెలుగులోనే రాయండి: 'ఈ 5 బొమ్మల కాపీరైట్ ఆర్టిస్టుదే. ఛానల్‌లో, షార్ట్స్‌లో, థంబ్‌నెయిల్‌లో పదేళ్లపాటు, ప్రపంచమంతటా వాడుకునే అనుమతి మాత్రం నాది. పుస్తకం, టీషర్టు, క్యాలెండర్ అయితే విడిగా మాట్లాడుకుంటాం.' ఇద్దరూ సంతకం పెట్టండి. ఎన్నాళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లు అనుకుంటుంది, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. మన కథలు డాలస్‌లోనూ వింటారు కదా, అందుకే ఆ రెండూ రాయాలి. ఆర్టిస్టుకి 18 నిండకపోతే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. ఇక బొమ్మ మీద సంతకాన్ని క్రాప్ చేసి పారేయకండి. కాపీరైట్ అమ్మేసినా సరే, తన పేరు చెప్పమనే హక్కు 57వ సెక్షన్ కింద గీసినవాళ్లకే ఉంటుంది.

ట్యాక్స్ సంగతి క్లుప్తంగా. పని చేయించుకుని ఇస్తే అది మీ ఛానల్ ఖర్చు. ఊరికే ఇస్తే గిఫ్ట్, మీకు ఖర్చు కింద రాదు, విరాళాలకి దొరికే పన్ను తగ్గింపు (80జీగా అందరికీ తెలిసినది) కూడా వ్యక్తులకిచ్చినదానికి వర్తించదు. పైగా బంధువులు కానివాళ్ల నుంచి ఆ ఆర్టిస్టుకి ఏడాదిలో వచ్చిన గిఫ్టులు మొత్తం 50 వేలు దాటితే, ఆ మొత్తమంతా వాళ్ల ఆదాయంలో కలుస్తుంది. నగదు వద్దు, యూపీఐ చేసి బిల్లు తీసుకోండి. బిల్లు ఎలా రాయాలో తెలియకపోతే పక్కన కూర్చుని రాయించండి, రేపు పెద్ద క్లయింట్ దగ్గర అదే పనికొస్తుంది. టీడీఎస్ (ఇచ్చే డబ్బులో ముందే కొంత పట్టుకుని ట్యాక్స్ కింద ప్రభుత్వానికి కట్టడం) మీకు వర్తిస్తుందో లేదో ఆడిటర్‌ని అడగండి.

డబ్బిస్తున్నట్టు వీడియో తీయకండి, దండం పెట్టి చెప్తున్నా. వాళ్ల పేరు, ఇన్‌స్టా లింకు డిస్క్రిప్షన్‌లో మొదటి లైనులో పెట్టండి, 'మోర్' కింద దాచకండి.

మొన్న మా పాత ఆర్టిస్టు ఒకమ్మాయి రేటు చెప్పింది, నా ఖాతాకి అందనంత. 'సారీ అన్నా' అని కూడా అంది. నేనే బేరమాడబోయి ఆగిపోయా. వాళ్ల జూనియర్ నంబర్ ఇచ్చింది. వచ్చే కథలో నక్కని ఆ జూనియరే గీస్తోంది, అడ్వాన్స్ నిన్న వేశా.