సెలవుల ముందు ఉప్పునీటి అక్వేరియం మార్పు: నా అనుభవం

వేసవి సెలవులకు బయలుదేరే సమయానికే హనుమకొండలోని మా ఇంటికి పెద్ద ఉప్పునీటి అక్వేరియం వచ్చింది. చేపలను వెంటనే అందులోకి మార్చితే, చేపల వ్యర్థాల నుండి వచ్చే విషపూరిత అమ్మోనియాను నైట్రైట్‌గా, అదీ విషమే కనుక దానిని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడకముందే మేము ఇల్లు విడవవలసి వచ్చేది. అందుకు సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. కనుక చేపలను పాత తొట్టిలోనే ఉంచి, కొత్తదానిలో 1.025 సాపేక్ష సాంద్రత (మంచినీటితో పోలిస్తే ఎంత బరువో తెలిపే కొలత) గల ఉప్పునీరు, రాళ్లు, ఆ బాక్టీరియా ఉన్న పాత ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క వేసి, వాటికి ఆహారంగా కొద్దిగా అమ్మోనియా కలిపి పంపు నడవనిచ్చాను.

ఓరుగల్లు ఎండలకు నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది గనుక, గీత వరకు ఆర్‌ఓ మంచినీటినే పోయాలని పక్కింటి తమ్ముడికి దగ్గరుండి చూపించాను. మేతను ఏ రోజుది ఆ రోజుకు పొట్లాలు కట్టి ఇచ్చాను. అలవాటు లేనివారు ప్రేమకొద్దీ ఎక్కువే వేస్తారు. తిరిగి వచ్చాక పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాగా తేలిన తరువాతనే చేపలను మార్చాను.