క్రిప్టోలో పైసలు పెట్టేముందు అది మోసమో కాదో తేల్చుకోవడం ఎలా?

"క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు, మోసమా?" అని అడగడం మానేయండి, అది ఎప్పటికీ తేలదు. పెట్టిన పైసలు తిరిగి నా ఖాతాలోకి వస్తాయా అని అడగండి.

కావలసినవి: ఫోను, నోటుబుక్కు, పాన్ కార్డు, పోయినా బాధపడని ఐదు వందలు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి తెచ్చిన పైసలు మాత్రం ముట్టకండి.

ముందుగా, చెప్పే మనిషి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. "నెలకు ఇంత గ్యారంటీ", "ఇద్దరిని చేర్పిస్తే కమీషన్". వీటిలో ఒక్కటి వినబడినా లేచి వచ్చేయండి, హన్మకొండలో పెద్ద హోటల్లో మీటింగు పెట్టి బిర్యానీ తినిపించినా సరే. రోజువారీ లాభాలు చూపిన బిట్‌కనెక్ట్ అనే క్రిప్టో స్కీము 2018 జనవరిలో కూలింది. వన్‌కాయిన్ అనే ఇంకో మోసానికైతే అసలు బ్లాక్‌చెయినే, అంటే క్రిప్టో లెక్కలన్నీ నమోదయ్యే ఉమ్మడి చిట్టాయే లేదు. బిట్‌కాయిన్లు 2.1 కోట్లకు మించవు కాబట్టి ధర పెరుగుతూనే ఉంటుందని కూడా అంటారు. మించవన్నది నిజమే, కానీ ధర పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తర్వాత, ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొని అమ్మే యాప్) ఎఫ్‌ఐయూ-ఇండియాలో, అంటే అనుమానాస్పద లావాదేవీలపై కన్నేసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, నమోదైందో లేదో చూడండి. నమోదు ఉన్నంత మాత్రాన భద్రమని కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల సొత్తు దొంగలపాలైంది. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, ఇక్కడ అదీ లేదు. అలాగని రూపాయి అంటే భద్రం, క్రిప్టో అంటే గాలి అనేవాళ్లతోనూ నాకు పేచీయే. రిజిస్టరు కాని చిట్టీల్లో జనం పోగొట్టుకునేది రూపాయలే కదా!

కొందరు వైట్‌పేపర్, అంటే నాణెం తెచ్చినవాళ్లే దాని గురించి రాసుకునే పత్రం, చదవమంటారు. దండగ. దొంగకు నాలుగు పేజీలు రాయించుకోవడం కష్టమా?

ఇక అసలు పని, పైసలు బయటికి తీయడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. యాప్‌లో అంకె పెరుగుతుంటే మురిసిపోతారు. ఆ అంకె యాప్ నడిపేవాడు ఎంత రాస్తే అంత. ఆ ఐదు వందలతో మీరు కొన్నదాన్ని అమ్మి, రూపాయలుగా మీ బ్యాంకు ఖాతాలోకి తెచ్చుకోండి. ఎస్సెమ్మెస్ చూసి ఆగకండి, స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరు మీదుగా వచ్చాయో చూడండి. ముక్కూముఖం తెలియని మనిషి ఖాతా నుంచి వచ్చాయంటే అవి ఇంకొకరిని ముంచిన పైసలు కావచ్చు. వాళ్లు ఫిర్యాదు చేస్తే మీ ఖాతా కూడా ఫ్రీజ్ కావచ్చు.

ఒకసారి వచ్చాయని నమ్మకండి. మొదటి వెయ్యి, రెండు వేలు మోసగాళ్లే ఇచ్చేస్తారు, అది ఎర. పెద్ద మొత్తం తీయబోయినప్పుడే "ముందు ముప్పై శాతం టాక్స్ కట్టండి, అప్పుడే రిలీజ్" అంటారు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద మన దగ్గర 30 శాతం పన్ను నిజంగానే ఉంది, అందుకే ఆ అబద్ధం అతుకుతుంది. కానీ ఆ పన్ను మీరు ఆదాయపు పన్ను శాఖకు కట్టుకోవాల్సింది, యాప్‌వాడికి కాదు. అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసినా మీకు రావాల్సిన దాంట్లోంచే కోస్తారు. తీసుకోవడానికి ఎదురు కట్టమన్నారా, రూపాయి కూడా వేయకండి. ముందు పెట్టినవి పోతాయన్న భయంతో కట్టేవాళ్లే రెండోసారి మునుగుతారు.

ఇప్పటికే కట్టేశారా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, యూటీఆర్ నంబరు (బ్యాంకు లావాదేవీ నంబరు), స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. సొమ్ము ఇంకా దొంగ ఖాతాలో ఉండగానే ఆపించాలి. ఆ తర్వాత టెలిగ్రామ్‌లో ఎవరైనా "మీ పైసలు రికవరీ చేస్తాం, ఫీజు పంపండి" అంటే ఆ నంబరు కూడా పోలీసులకే ఇవ్వండి.